ఇంటి బీరు: మళ్ళీ మొదలుపెట్టే ముందు

అమెరికాలో స్థిరపడిన ఒక సోదరి ఇలా వ్రాశారు: "మా వారికి 53 ఏళ్ళు. పెళ్ళయిన కొత్తలో సరదాకి ఇంట్లోనే బీరు తయారుచేసేవారు. పిల్లలు పుట్టాక మానేశారు. ఇప్పుడు పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయారు. 16 ఏళ్ళుగా గ్యారేజీలో మూల పడివున్న సామానంతా బయటికి తీశారు. ఆయనకు నాలుగేళ్ళుగా షుగరు, బి.పి. ఉన్నాయి. రెంటికీ మాత్రలు వాడుతున్నారు. లివరులో కొవ్వు ఉందని కూడా డాక్టరు చెప్పారు. 'ఇంట్లో చేసుకున్నది, కల్తీ ఉండదు, హాని లేదు' అంటారు. కల్తీసారా త్రాగి చనిపోయినవాళ్ళ గురించి చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. నాకు భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, మీ భయంలో సగం అనవసరం, సగం అవసరం. అనవసరమైన సగాన్ని ముందు తీసేద్దాం.

సారా వేరు, బీరు వేరు

బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే మాల్టు అవుతుంది. దాని రసాన్ని హాప్స్ అనే చేదు పూలతో మరిగించి, చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఈస్టు అందులోని చక్కెరను తిని ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ తయారుచేస్తుంది. ఒకటి రెండు వారాల్లో పులవడం పూర్తవుతుంది. మన ఇడ్లీపిండి పొంగేదీ సూక్ష్మజీవుల మూలంగానే.

కల్తీసారాలో ప్రాణం తీసేది మిథైల్ ఆల్కహాలు. పరిశ్రమలలో వాడే స్పిరిట్టు కలపడంవల్లే చాలావరకు ఆ చావులు జరుగుతాయి. ధాన్యం పులిసిన బీరులో అది లెక్కలోకి రానంత స్వల్పం. బీరులో ఉండే పులుపు, ఆల్కహాలు, హాప్స్ చేదు కలిసి రోగక్రిములను సాధారణంగా పెరగనివ్వవు. శుభ్రత తక్కువైతే బీరు పుల్లబడి పారబోయవలసి వస్తుంది, అంతే. కాని ఈస్టు కలపని రసాన్ని సీసాలలో మూసి బయట నిలవ ఉంచకూడదు. అందులో బొటులిజం అనే జబ్బు కలిగించే ప్రాణాంతకమైన విషం పుట్టే అవకాశం ఉంది.

పాత సామానుతో జాగ్రత్త

పాత ఈస్టు, హాప్స్, మాల్టు మిగిలి ఉంటే పారెయ్యండి. గీతలు పడిన ప్లాస్టిక్ బకెట్లు, గట్టిపడిన రబ్బరు గొట్టాలు ఎంత కడిగినా శుభ్రపడవు. పెద్ద గాజుజాడీ తడిచేతుల్లోంచి జారి పగిలితే నరాలు, రక్తనాళాలు తెగేంత గాయమవుతుంది. దాన్ని మార్చడం మేలు. బ్లీచింగు ద్రావణాన్నీ, యాసిడ్ ఉన్న శుభ్రపరిచే మందునూ కలిపి ఎప్పుడూ వాడకూడదు. ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, తలుపులు మూసిన గ్యారేజీలో గ్యాసు బర్నరు వెలిగించకూడదు. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. తలనొప్పి, మగత వచ్చి అలాగే స్పృహ తప్పుతుంది. పొయ్యి ఆరుబయటే పెట్టాలి. ఇరవై కిలోల మరిగే కుండను ఒక్కరే ఎత్తకూడదు.

పులవడం పూర్తికాకముందే సీసాల్లో పోసినా, చక్కెర ఎక్కువ వేసినా సీసాలు పేలతాయి. గాజుముక్కలు కళ్ళకు తగిలితే చూపు పోవచ్చు. హైడ్రోమీటరు చూపే అంకె వరుసగా రెండు మూడు రోజులు మారకుండా ఉన్నాకే మందపు సీసాల్లో నింపాలి. చక్కెరను తూకం వేసే కలపాలి.

శరీరమూ పాతబడింది

ఇక మీ భయంలో అవసరమైన సగం. గ్యారేజీలో సామానుతోపాటు మీ వారి శరీరమూ 16 ఏళ్ళు పాతబడింది. వయసుతో ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది. అప్పుడు త్రాగినంతే ఇప్పుడు త్రాగినా రక్తంలో ఆల్కహాలు ఎక్కువ చేరుతుంది.

షుగరుకు గ్లిమిపిరైడ్, గ్లిపిజైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడేవారికి అసలు ప్రమాదం ఉంది. ఆల్కహాలు లివరును చక్కెర తయారుచెయ్యనివ్వదు. ఖాళీకడుపున త్రాగితే గంటల తరువాత, నిద్రలో కూడా, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, తడబాటు, మాట తేడా చూసి ఇంట్లోవాళ్ళు నిషా అనుకుంటారు. బి.పి.కి వాడే కొన్ని మందులు గుండెదడను కనిపించనివ్వవు. మెట్‌ఫార్మిన్ వాడేవారు అతిగా త్రాగితే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. మద్యం బి.పి.నీ పెంచుతుంది. కొవ్వు పట్టిన లివరుకు కొద్దిపాటి మద్యమూ భారమే.

ఇంట్లో చేసినది అన్నంతమాత్రాన ఆల్కహాలు గుణం మారదు. మద్యపానీయాలు క్యాన్సరు కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే వర్గీకరించింది. ఇంత త్రాగితే హాని లేదని చెప్పగల మోతాదు లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

పైగా ఇంటి బీరు సీసాకు లేబులు ఉండదు. 5 శాతం బీరు 355 మి.లీ. సీసాలో 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 8 శాతం అయితే 22 గ్రాములు. రుచిలో తేడా తెలియకపోవచ్చు, లివరుకు తెలుస్తుంది.

లెక్క ఒకటి చూడండి

1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం అమెరికాలో ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల బీరు సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. 200 గాలన్లంటే రెండువేలకు పైగా సీసాలు. రోజుకు దాదాపు ఆరు! చట్టం ఒప్పుకున్నదంతా లివరు ఒప్పుకోదు.

ఒక్కసారి 5 గాలన్లు చేస్తే 50 సీసాల దాకా ఇంట్లో చేరతాయి. చేసినవాడికి రుచి చూడాలని ఉంటుంది, పారబొయ్యడానికి మనసొప్పదు. అందుకని మీ వారిని నిదానంగా ఒక ప్రశ్న అడగండి: ఆనాడు మానేసింది తీరిక లేకనా, త్రాగుడు అదుపు తప్పుతోందనా? రెండవదే అయితే ఈ సరదా మళ్ళీ వద్దు. ఆ సామాను ఎవరికైనా ఇచ్చేయండి.

తీరిక లేకే మానేశానంటే, మొదట లివరు పరీక్షలు, మూడునెలల షుగరు సగటు చూపించే పరీక్ష చేయించుకొని, మాత్రలన్నీ డాక్టరుకు చూపించమనండి. నా సలహా అడిగితే, ఆయన స్థితిలో త్రాగకపోవడమే మంచిది. డాక్టరు చూశాక కూడా చేసి తీరతానంటే ఒక గాలనే చెయ్యమనండి. పది సీసాలే వస్తాయి. శాతం కొలిచి సీసామీద వ్రాయమనండి. ఖాళీకడుపున త్రాగకూడదు, త్రాగిన రాత్రి పడుకునేముందు షుగరు చూసుకోవాలి, త్రాగి కారు నడపకూడదు.

మన రాష్ట్రాల పాఠకులకు ఒక మాట. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచెయ్యడం నేరం. తెలంగాణకూ అది వర్తిస్తుంది.

అమ్మా, ఒక్కటి మాత్రం మరువకండి. ఆయన మాట తడబడి, చెమట పట్టి కనిపిస్తే నిషా అని వదిలెయ్యకుండా వెంటనే షుగరు చూడండి. 70కి తక్కువుంటే, తెలివి ఉన్నంతవరకు పంచదార నీళ్ళు త్రాగించండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా అంబులెన్సు పిలవండి.