బీకామ్ నుంచి ఐటీకి: దిల్‌సుఖ్‌నగర్ బోర్డులు చెప్పని లెక్క

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయాక దాని లెక్కల పుస్తకాలు కూడా విజయవాడ హైవే వెంట పెద్ద అంబర్‌పేట్ దాటి అటే వెళ్లాయి. కమీషన్ ఏజెంట్ల ఆఫీసుల్లో, గోదాముల్లో, ట్రాన్స్‌పోర్ట్ కౌంటర్లలో టాలీ ఎంట్రీలు కొట్టి, నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే కుర్రాళ్లలో బీకామ్ కంప్యూటర్స్ చదివినవాళ్లు బోలెడంతమంది. డిగ్రీ పేరులో కంప్యూటర్ ఉంది, చేసే పనిలోనూ కంప్యూటర్ ఉంది. జీతం మాత్రం ఐటీ జీతం కాదు.

ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది ఏళ్లొచ్చేసరికి ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగగానే కనిపించే బోర్డులు పిలుస్తాయి. పైథాన్, డేటా సైన్స్, ఏఐ. మూడు నెలలు చాలు. వంద శాతం ప్లేస్‌మెంట్.

ఏ కోర్సుకు డిమాండ్ ఉందని అందరూ అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. కంపెనీ మొదటి వడపోతలో ఏ కాగితం చూస్తుంది? జీతం లేని నెలల్లో ఇల్లు ఎవరు నడుపుతారు?

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయి ఉద్యోగులే. అంటే కొత్తగా కోడింగ్ నేర్చుకుని వెళ్లే బీకామ్ అభ్యర్థి నిలబడే క్యూలో అనుభవం ఉన్నవాళ్లు కూడా ఉంటారు. పైగా పెద్ద కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు బ్రాంచి, మార్కుల శాతం, పాసైన ఏడాది అడుగుతాయి. ఐదారేళ్ల కిందట డిగ్రీ పాసైనవారి దరఖాస్తు చాలాచోట్ల అక్కడే ఆగిపోతుంది. మూడు నెలల సర్టిఫికెట్ ఆ గేటు తెరవలేదు. ఆ కోర్సులో పనితనం రావచ్చు, కాదనలేం. అర్హత వేరు, పనితనం వేరు. కోచింగ్ సెంటర్ రెండోది నేర్పుతూ మొదటిది ఇస్తున్నట్టు మాట్లాడుతుంది.

ఇక్కడే ఇంకో బేరం కూడా నడుస్తుంది. ఫీజు పోను మరికొంత ఇస్తే రెండేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్ ఇప్పిస్తామంటారు. ఇప్పుడు కంపెనీలు పీఎఫ్ యూఏఎన్ నంబరుతో సర్వీసు చరిత్ర చూసేస్తున్నాయి. అందులో బాటసింగారం ఆఫీసు పేరుండి, రెజ్యూమెలో సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరుంటే చేరిన తర్వాతైనా తీసేస్తారు. డిపాజిట్ కట్టించుకుని ఉద్యోగమిచ్చి, నాలుగు నెలలకే బోర్డు తిప్పేసిన కంపెనీల మీద మాదాపూర్‌లో కేసులు పెట్టడం కొత్తేమీ కాదు.

అర్హతే కావాలనుకుంటే ఎంసీఏ ఉంది. ఒకప్పుడు మూడేళ్లు, 2020-21 నుంచి రెండేళ్లే. రాష్ట్రంలో ఐసెట్ ద్వారా సీటు. 200 మార్కుల్లో 75 గణితానికి, మరో 75 విశ్లేషణ సామర్థ్యానికి. ఇంటర్‌లో సీఈసీ తీసుకుని, లెక్కలంటే డెబిట్, క్రెడిట్ మాత్రమే తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు. డిగ్రీ వరకు ఎక్కడా గణితం చదవనివారి అర్హత నిబంధనలు ఈమధ్య మారుతూ వస్తున్నాయి. బ్రిడ్జ్ కోర్సు షరతుతో చేర్చుకునే పద్ధతీ ఉంది. కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ స్వయంగా చదవాల్సిందే, కన్సల్టెన్సీ మాట మీద పోకూడదు. బీసీ-ఈకి 4 శాతం రిజర్వేషన్ ఉంది, దూదేకుల కుటుంబాలు బీసీ-బీలో వస్తాయి. కుల ధ్రువపత్రం కౌన్సెలింగ్‌కి ముందే చేతిలో ఉండాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు. మైనారిటీలకు కుటుంబ వార్షికాదాయ పరిమితి పట్టణాల్లో 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర. అబ్బాకి చిన్న దుకాణం, కొడుక్కి అకౌంటెంట్ జీతం ఉంటే ఆ గీత దాటడానికి ఎంతసేపు? దూరవిద్యకు ఈ పథకం వర్తించదు. వచ్చే డబ్బు కూడా వేళకు రావడం లేదు. బకాయిలు విడుదల చేయాలంటూ 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్‌లు చేశాయి. ఇవన్నీ దాటినా రెగ్యులర్ ఎంసీఏ అంటే ఉద్యోగం మానాల్సిందే. ఆ రెండేళ్ల జీతాన్ని కూడా ఫీజులో కలిపి లెక్కేయాలి. ఎవరూ వేయరు.

గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఎంసీఏ ఉంది, మన పిల్లలకు అదే సరైన చోటని పెద్దలు అంటుంటారు. అయితే అక్కడ చేరాలంటే ఉర్దూ మాధ్యమంలోనో, కనీసం ఒక సబ్జెక్టుగానో చదివినట్టు మార్కుల మెమో చూపాలి. ఇంట్లో దక్కనీ మాట్లాడుకుంటూ బడిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివిన పిల్లల దగ్గర ఆ కాగితం ఉండదు. నోట్లో ఉన్న భాష మెమోలో లేకపోవడం నల్గొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్ చుట్టుపక్కల స్థిరపడ్డ చాలా కుటుంబాలకు అప్పుడే తెలిసొస్తుంది.

ఉద్యోగం వదలకుండా చదవాలంటే ఇగ్నో ఎంసీఏ ఉంది. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ కూడా ఉంది. దానికి జేఈఈ అక్కర్లేదు. ఇంటర్ ఏ గ్రూపైనా సరే, పదిలో గణితం, ఇంగ్లిష్ ఉంటే చాలు. నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష పాసవ్వాలి. పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. మధ్యలో ఆపినా ఆ దశకు తగ్గ సర్టిఫికెట్‌తోనో డిప్లొమాతోనో బయటికి రావచ్చు. ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ ఉంది. పూర్తి డిగ్రీకి ఏళ్లు పడుతుంది, మూడు నెలల మాట ఇక్కడ ఎవరూ చెప్పరు. రాత్రి ఎనిమిదికి హిసాబ్ మూసి ఇంటికొచ్చే మనిషి వారానికి ఎన్ని గంటలు కూర్చోగలడో నిజాయితీగా చూసుకోవాలి. ఎల్బీనగర్‌తో మెట్రో ఆగిపోతుంది. హయత్‌నగర్ దాకా సుమారు 7 కిలోమీటర్ల లైను రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. రోజూ పెద్ద అంబర్‌పేట్ నుంచి అమీర్‌పేట్‌కు క్లాసుకెళ్లొస్తే చదివే గంటలు దారిలోనే పోతాయి. ఆడపిల్లల విషయంలో ఇళ్లలో వద్దనడానికి కారణం చాలాసార్లు చదువు కాదు, ఈ దారే.

వీటన్నిటికంటే దగ్గరి దారి ఒకటుంది. అకౌంట్స్ తెలిసినవాడు అకౌంట్స్ పక్కనే ఉన్న ఐటీలోకి వెళ్లడం. డెలాయిట్, వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్, స్టేట్ స్ట్రీట్ లాంటి సంస్థల హైదరాబాద్ ఆఫీసుల్లో ఫైనాన్స్ పనికి బీకామ్ వాళ్లను తీసుకుంటారు. అక్కడ ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ వచ్చినవాడు రిపోర్టింగ్‌లోకి, ఆపైన డేటా పనిలోకి జరగడానికి వీలుంటుంది. ఎస్ఏపీ ఫైకో కూడా ఇలాంటిదే. లెడ్జర్ అంటే తెలిసినవాడికి సగం అక్కడే వచ్చేసింది. కాకపోతే ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే కాగితం వేరు, ఎస్ఏపీ కంపెనీ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్ వేరు. ఏది ఇస్తారో ముందే అడగాలి. ఎస్‌క్యూఎల్, పైథాన్ మొదటి పాఠాలకు డబ్బు పెట్టక్కర్లేదు, ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. రెండు నెలలు అక్కడ కూర్చోగలిగితే దిల్‌సుఖ్‌నగర్‌లో ఫీజు కట్టాలో వద్దో తేలిపోతుంది.

ఎడ్యుకేషన్ లోన్ అంటే వడ్డీ. దానికి ఇష్టపడని ఇళ్లలో ఈ ఫీజు అమ్మీ గాజులమ్మగా వస్తుంది, లేదా సౌదీలో ఉన్న భాయ్ చెల్లి పెళ్లికని పంపినదాంట్లోంచి వస్తుంది. అందుకే డెమో క్లాసు అవ్వగానే మొత్తం ఒకేసారి కట్టేస్తే రాయితీ అన్నప్పుడు ఆగాలి. ప్లేస్‌మెంట్ రాకపోతే ఎంత వాపసిస్తారో రసీదు మీద రాయమని అడగాలి. గత బ్యాచ్‌లో బీకామ్ చదివి, మూడేళ్లకు పైగా గ్యాప్ ఉండి, ఉద్యోగం వచ్చిన ఒక్కరితో ఫోన్లో మాట్లాడించమనాలి.