బదిలీల ఇంట్లో కోళ్ళు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పాత క్వార్టర్ల వెనుక కొంచెం పెరడు ఉంటుంది. కొన్ని ఇళ్ళలో మునగచెట్టు, కరివేపాకు, వాటి కింద నాలుగైదు కోళ్ళు. ఇక్కడివాళ్ళు కుక్రీ అంటారు, మనం కోడి అంటాం. మూడు నాలుగేళ్ళకోసారి ఊరు మారే మనలాంటివాళ్ళు కోళ్ళు పెంచవచ్చా? పెంచవచ్చనే మేమంటాం. కానీ నాలుగు పెట్టలకు మించకూడదు, పుంజు అసలే వద్దు.

పుంజు ఎందుకు వద్దంటే, ఇది రైల్వే ఊరు. రాత్రంతా బండి నడిపి వచ్చిన లోకో పైలట్లు మనం బడికి వెళ్ళే వేళకు పడుకుంటారు. పుంజు తెల్లవారుజామునే కాదు, పది గంటలకూ కూస్తుంది, మధ్యాహ్నమూ కూస్తుంది. పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టవని చాలామంది అనుకుంటారు. పెడతాయి. ఆ గుడ్లు పొదిగినా పిల్లలు రావు, అంతే.

డబ్బు మిగులుతుందని మాత్రం ఎవరూ మొదలుపెట్టవద్దు. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది సుమారు 60, 70 గుడ్లు. పొదుగుకు వచ్చిందంటే కొన్ని వారాలు అదీ ఉండదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు ఇంకా ఎక్కువ పెడతాయి. మేతకు ఇక్కడ ఇబ్బంది లేదు. వరి పండే రాష్ట్రం కదా, కనకీ అని అడిగితే నూకలు ఇస్తారు. అయినా మాకు కనిపించే అసలు లాభం వేరు. కొత్త ఊళ్ళో మనతో ఎవరూ మాట్లాడని రోజుల్లో, కోళ్ళను చూడటానికి పక్కింటి పిల్లలు వస్తారు.

నష్టాలు తక్కువేమీ కాదు. గూడు రోజూ శుభ్రం చేయకపోతే వాసన మనకంటే ముందు పక్కింటికి వెళ్తుంది. చల్లిన గింజలకు ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి. ముంగిస సంగతి చెప్పనే అక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీల ఎండకు కోళ్ళు నోరు తెరిచి రొప్పుతాయి, వాటికి చెమట పట్టదు. కొక్కెర తెగులు వస్తే మందు లేదు, ముందే టీకా వేయించాలి. 2025లో మన లైనులోనే ఉన్న రాయగఢ్‌లో ప్రభుత్వ కోళ్ళ ఫారంలో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటప్పుడు చుట్టూ కిలోమీటరు మేర కోళ్ళను చంపేస్తారు, ఇంటి కోళ్ళకు మినహాయింపు ఉండదు.

అన్నిటికంటే కష్టం ట్రాన్స్‌ఫర్ ఆర్డరు. సామాను లారీలో కోళ్ళకు చోటుండదు. చివరి ఆదివారం కూర వండటం కొన్ని ఇళ్ళలో మామూలే, అది తప్పని మేమనం. కానీ పిల్లలతో పేర్లు పెట్టించి, వాళ్ళు బడికి వెళ్ళినప్పుడు కోయడం మాత్రం అన్యాయం. కోడిని తెచ్చిన రోజే ఆ మాట తేల్చాలి: ఇది కూరకా, గుడ్లకా? గుడ్లకైతే మనం వెళ్ళాక ఎవరు తీసుకుంటారు? ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి, ముందే అడిగి పెట్టుకోవచ్చు. ఇచ్చేటప్పుడు చీకటి పడ్డాక గంప కింద పెట్టి తీసుకెళ్ళాలి, అప్పుడవి గోల చేయవు. కొత్త ఇంట్లో నాలుగైదు రోజులు గూట్లోనే ఉంచాలి. వెంటనే వదిలితే పాత పెరటికే వచ్చేస్తాయి.