నాలుగింటికి అంగన్‌వాడీ మూత.. ఆ తర్వాత పిల్లలు ఎవరి దగ్గర?

మీరు ఇబ్రహీంపట్నంలో ఉంటూ విజయవాడలోనో, కొండపల్లి పారిశ్రామికవాడలోనో పనిచేస్తున్న తల్లి అనుకుందాం. పెద్దవాడికి ఐదేళ్లు, చిన్నదానికి రెండేళ్లు. తొమ్మిదికల్లా బెజవాడలో ఉండాలంటే ఎనిమిదికే రింగ్‌ సెంటర్‌లో బస్సు ఎక్కాలి. అంగన్‌వాడీ తెరిచేదేమో తొమ్మిదికి, మూసేది నాలుగింటికి. మీరు ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. ఈ మధ్యలో పిల్లల్ని ఎవరు చూడాలి?

రెండేళ్ల పాపకైతే ఆ ఏడు గంటలు కూడా లేవు. మూడేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ఇచ్చేది ప్రధానంగా ఇంటికి తీసుకెళ్లే పోషకాహారమే. కేంద్రంలో కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడు నుంచి ఆరేళ్ల వారికి. అమ్మమ్మో నానమ్మో ఇంట్లో ఉంటే సరే. లేకపోతే చాలామంది చేసేది ఒక్కటే, ఉద్యోగం మానేయడం.

తల్లుల కోసం ప్రభుత్వం ఏమీ చేయడం లేదా అంటే, చేస్తోంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌, సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఛార్జీ మిగిలింది, సమయం మాత్రం మిగల్లేదు. తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు రూ.13 వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి. అదీ ఒకటో తరగతి నుంచి ఇంటర్‌ వరకే. బడికి వెళ్లే వయసు రాని పిల్లలున్న ఇంటికే మనిషి సాయం ఎక్కువ కావాలి. ఆ ఇల్లే ఈ లెక్కలోకి రాదు.

ఈ లోటు తీర్చాల్సింది క్రెచ్‌, అంటే పిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రం. 50 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ క్రెచ్‌ సౌకర్యం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ నిబంధన ఉంది. 50 మందీ ఆడవాళ్లే కావాల్సిన పనిలేదు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. వినడానికి బాగుంది. కానీ ఒకే గేటు లోపల నలుగురైదుగురు కాంట్రాక్టర్ల కింద పని నడిచేచోట, ఏ ఒక్కరి రిజిస్టర్‌లోనూ 50 పేర్లు కనిపించకపోవచ్చు. ఇళ్లలో పనిచేసే ఆవిడకు, ఇంట్లోనే కూర్చుని కొండపల్లి బొమ్మలకు రంగులేసే ఆవిడకు ఈ చట్టం ఎటూ వర్తించదు.

అలాంటి వాళ్ల కోసమే కేంద్రం ‘పాల్నా’ పథకం పెట్టింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల్ని అంగన్‌వాడీతో కలిపి నడిపే క్రెచ్‌లో చూసుకోవాలి. దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం 17 వేల కేంద్రాలు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరవాలన్నది నిబంధన. ఎనిమిది గంటల డ్యూటీకి ప్రయాణం కలిపి పదకొండు గంటలు బయట ఉండే తల్లికి ఈ ఏడున్నర ఎక్కడ సరిపోతుంది? పైగా ఫ్యాక్టరీల్లో రోజువారీ గరిష్ఠ పని వేళలను తొమ్మిది నుంచి పది గంటలకు పెంచాలని, మహిళలు ఇష్టపడితే రాత్రి షిఫ్టుకూ అనుమతించాలని రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో నిర్ణయించింది. ఒక శాఖ పని గంటలు పెంచుతుంటే, ఇంకో శాఖ నాలుగింటికి తాళం వేస్తోంది.

ఇంట్లో పంచుకునేవాళ్లు ఉంటే కొంత నయం. కేంద్రం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు అందుకు రోజుకు 289 నిమిషాలు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ‘చేసే’ అన్న మాటను కాస్త గమనించండి. అసలు చేయని మగవాళ్లు ఈ 88లో లేరు.

ఇప్పటికి మీరు చేయగలిగింది కొంత ఉంది. మీ సంస్థలో 50 మంది దాటితే క్రెచ్‌ సంగతి యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి. స్పందన లేకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయండి. చిన్నచోట పనిచేస్తుంటే ఐసీడీఎస్‌ సూపర్‌వైజర్‌ను, లేదా సీడీపీఓను కలిసి, మీ దగ్గర్లో పాల్నా కేంద్రం ఉందా అని అడగండి. ఆ ప్రాంతంలో ఎక్కువ మంది తల్లుల పని వేళలను బట్టే దాని సమయం పెట్టాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి వీధిలో పదిమంది తల్లులు కలిసి, డ్యూటీకి బయల్దేరే వేళ, తిరిగొచ్చే వేళ, పిల్లల వయసులు రాసి ఒకే అర్జీ ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లోనూ దాన్నే ఇచ్చి, రసీదు తీసుకోండి.