చవుకబేరము



కోపెన్‌హేగను నగరమున కాపురమున్న మా యక్కగారి కుమార్తె గడచిన మాసమున మాకొక లేఖ వ్రాసినది. "పిన్నీ! మీ యల్లుడుగారు జర్మనీలో నొక పోర్షె స్పోర్ట్సు కారును జూచి ముచ్చటపడుచున్నారు. మూడేండ్ల నాటిదట; 5,000 కిలోమీటర్లే నడిచినదట. వెల 60,000 యూరోలు. ఇక్కడి ధరతో బోల్చిన మిక్కిలి చవుక. ఇల్లు కొనుటకై దాచిన సొమ్ములోనుండి బయానా పంపుదమనుచున్నారు. మీరేమందురు?"

మేము కారు కొని యెఱుగము; ఇంటిలెక్క వ్రాయుట మాత్ర మెఱుగుదుము. కావున ఆ దేశముల పద్ధతి విచారించితిమి.

1993 జనవరి 1 మొదలు ఐరోపా సమాఖ్య దేశముల నడుమ దిగుమతి సుంకపు ఠాణాలు లేవు. జర్మనీలో కొన్న కారు సుంకము లేకయే డెన్మార్కు చేరును. అందుచే పన్నే లేదని భ్రమపడుట సహజము. కాని యా పన్ను పొలిమేరను విడిచి యింటి గుమ్మమున గాచుకొని యున్నది.

సమాఖ్య శాసనమున "క్రొత్త వాహన"మను మాటకు వింతయైన యర్థము కలదు. వాడుకలోనికి వచ్చి ఆరు మాసములు దాటనిదియు క్రొత్తదే; 6,000 కిలోమీటర్లకు మించి నడువనిదియు క్రొత్తదే. రెంటిలో నొక్కటి యున్న జాలును. క్రొత్తదానికి వ్యాట్ అను పన్నును కొనువారి దేశముననే చెల్లింపవలయును. డెన్మార్కున నది నూటికి 25. అనగా మా యమ్మాయి కారు మూడేండ్లదయ్యు క్రొత్తదే! దానిపై పన్ను 15,000 యూరోలు. కొన్న పిదప త్రోవలో నడిపిన దూరము లెక్కకు రాదు. స్పోర్ట్సు కారును షెడ్డులో భద్రపఱచి సెలవునాడు మాత్రమే తోలువారు పెక్కురు గనుక ఈ చిక్కు దానికే తఱచు. "తక్కువ నడిచిన"దను పొగడ్తయే కొంప ముంచును. అయితే అమ్మువాడు తొలుత కట్టిన వ్యాట్‌లో కొంత తిరిగి పొందుటకు వీలున్నది; ఆ మేరకు వెల తగ్గింపుమని యడుగుట న్యాయమే.

ఇక రిజిస్ట్రేషను పన్ను. జర్మనీలో నిది లేదు. డెన్మార్కున పెట్రోలు కారు విలువ హెచ్చినకొలది నూటికి 25, 85, 150 చొప్పున మెట్లెక్కును. అక్కడి వెల చవుకగా దోచుటకు ముఖ్య కారణమిదియే.

మఱియొక మాట. జర్మనీలో కారునకు రెండు పత్రములుండును. అప్పుమీద కొన్న కారైనచో రెండవ పత్రము తఱచు బ్యాంకువారి యధీనమున నుండును. దస్తావేజు షావుకారు పెట్టెలో నుండగా పొలమమ్మజూపువానికి మన మెవ్వరమైన బయానా యిత్తుమా? రెండవ పత్రము కంటబడనిదే కాసైన పంపరాదు.

ఇవన్నియు వ్రాసి, "అమ్మా! వాదులాడవలదు. వెల, వ్యాట్, రిజిస్ట్రేషను పన్ను ఒకదానిక్రింద నొకటి వ్రాసి, కూడిక వేయక, ఆ కాగితము నాయన కాఫీకప్పు ప్రక్కన నుంచుము. కూడిక నాయననే వేయనిమ్ము" అంటిమి.

పదిదినములకు ప్రత్యుత్తరము వచ్చినది: "పిన్నీ! బయానా పంపలేదు. ఆయన కూడిక వేసి, కాగితము మడిచి జేబులో నుంచుకొని, ఆ పూటంతయు పలుకలేదు. ఆదివారమునాడు మాత్రము తామే ఇల్లు చూచుటకు బోదము రమ్మనిరి."