కొండను లెక్కపెట్టడం నేర్చుకుందాం

సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడల్లా మా పెద్దలు ఒకే మాట అంటారు: "ఒకప్పుడు కొండ నిండా తపసి చెట్లుండేవి. ఇప్పుడు వెతుక్కోవలసి వస్తోంది." ఎన్ని ఉండేవి, ఎన్ని మిగిలాయి అంటే మాత్రం మా దగ్గర జవాబు లేదు. లెక్క లేని మాటను ఎవరూ పట్టించుకోరు.

కొండంతా తిరిగి ప్రతి చెట్టునూ లెక్కించనక్కరలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది. అయితే కొండ అన్నం కుండ కాదు. వాగు పక్కన ఒక రకం, వాలులో ఒక రకం, కాఫీ తోటలో మరో రకం మొక్కలుంటాయి. కాబట్టి అన్నిచోట్లా మెతుకులు పట్టి చూడాలి. ఆ మెతుకే మన పాఠంలోని క్వాడ్రాట్.

అమెరికాలోని నెబ్రాస్కా గడ్డి మైదానాల్లో రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్ ఈ పద్ధతిని వాడి 1898లో ప్రకటించారు. కంటి అంచనా మోసం చేస్తుందని వారు గ్రహించారు.

చిన్న మొక్కలకు ఒక మీటరు చదరం, చెట్లకు పది మీటర్ల చదరం తీసుకోవచ్చు. పది మీటర్ల చదరాలు పదింటిలో ఆరు తపసి చెట్లు కనిపించాయనుకుందాం. చూసింది వెయ్యి చదరపు మీటర్లు, అంటే హెక్టారులో పదోవంతు. కనుక హెక్టారుకు సుమారు అరవై చెట్లు. అయితే చదరాలను దారి పక్కన, మనకు నచ్చినచోట వేయకూడదు. చీటీలు తీసి చోటు నిర్ణయించాలి. పెద్ద చెట్లతోపాటు పిల్లమొక్కలనూ లెక్కించాలి. పిల్లమొక్కలు లేని కొండకు రేపు లేదు.

ఇదంతా మేము పరీక్షకు చదివాము. సీనియర్ల రికార్డు చూసి బొమ్మ కూడా వేశాము. కొండ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, తాడు పట్టుకొని ఒక్కసారీ ఎక్కలేదు. ఇందులో మా తప్పూ ఉంది.

ప్రభుత్వం లెక్కలు తీస్తోంది కదా అనవచ్చు. దేశమంతటి అటవీ నివేదిక మా ఊరి కొండ సంగతి చెప్పదు. తపసి బంక కోసం లోతుగా గాట్లు పెడితే చెట్టు చనిపోతుంది. ఏ కొండపై తీయాలో, ఏ కొండను కొన్నేళ్లు వదిలేయాలో ఊరే తేల్చుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే హక్కును గ్రామసభలకు ఇచ్చింది. హక్కుతోపాటు లెక్క కూడా ఉండాలి.

చెట్ల పేర్లు మన తాతలకు తెలుసు. పద్ధతి మనకు తెలుసు. ఒక తాడు, నాలుగు మేకులు, ఒక నోటు పుస్తకం చాలు. వచ్చే సెలవుల్లో తాతను వెంటబెట్టుకొని కొండెక్కుదాం. ఏటా అదే కాలంలో, అవే చదరాల్లో లెక్కిద్దాం. అప్పుడు "తగ్గిపోయాయి" అనే మాట పక్కన ఒక అంకె నిలుస్తుంది.