మొదటి ఏడాది అంకె చూసి డిపాజిట్ కట్టకండి

అమెరికాలో పిల్లల్ని కాలేజీలో చేర్చబోయే తెలుగువాళ్ళు ఏటా ఏప్రిల్లో ఒకే ప్రశ్న మీద కొట్టుకుంటుంటారు. "ఇప్పుడే డిపాజిట్ కట్టేద్దామా? ఇంకొన్నాళ్ళు ఆగితే స్కాలర్‌షిప్ పెంచుతారా?" మా టీములో పన్నెండో తరగతి పిల్లలున్న సీనియర్లు ఇద్దరున్నారు. ఒకాయన "సీటు చేతిలో ఉండగానే కట్టెయ్యాలండీ" అంటారు. రెండో ఆయన "తొందరపడితే బేరం చెడిపోతుంది" అంటారు. నాకింకా పెళ్ళే కాలేదు కాబట్టి ఉచిత సలహాలివ్వడానికి కావలసిన అర్హతలన్నీ ఉన్నట్టే :) నా మటుకు నాకు ఇద్దరి వాదనలోనూ ఒక లోటు కనిపిస్తుంది. ఇద్దరూ తేదీ చుట్టూనే తిరుగుతున్నారు. స్కాలర్‌షిప్ ఏ షరతు మీద నాలుగేళ్ళు నిలుస్తుందో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

మనకీ తికమక ఎందుకంటే మనం ఎంసెట్ కౌన్సెలింగ్ చూసి పెరిగినవాళ్ళం (ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ దాని పేరు ఈఏపీసెట్). ర్యాంకు వస్తుంది, వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటాం, కన్వీనర్ కోటా ఫీజు ఎంతో ప్రభుత్వం చెప్తుంది. ర్యాంకు ఏదైనా అదే ఫీజు. రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందన్నది వేరే కథ. బేరం అన్న మాట మేనేజ్‌మెంట్ కోటా దగ్గరే వినపడుతుంది.

అమెరికా ప్రైవేటు కాలేజీల్లో బోర్డు మీద ఒక ధర ఉంటుంది, ఒక్కో విద్యార్థికి ఒక్కో తగ్గింపు ఉంటుంది. కాలేజీల ఆర్థికాధికారుల సంఘం న్యాకుబో లెక్క ప్రకారం 2023-24లో ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది విద్యార్థులకి గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులు అన్నీ కలిపి ట్యూషన్ మీద సగటున 56 శాతం తగ్గించాయి. కాబట్టి "మీ ప్రతిభకి గుర్తింపుగా..." అంటూ వచ్చే ఉత్తరంలో కొంత ప్రతిభా ఉంటుంది, కొంత ఆషాఢం సేలూ ఉంటుంది. అన్నిచోట్లా ఇలా ఉండదు లెండి. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు మెరిట్ పేరుతో పైసా ఇవ్వవు, కుటుంబ ఆర్థిక పరిస్థితిని బట్టే ఇస్తాయి. అక్కడికెళ్ళి "ఫలానా కాలేజీ పాతికవేలిస్తానంది" అని చెప్పినా పెద్దగా లాభం ఉండదు.

ఇక తేదీ సంగతి. చాలా కాలేజీలకి జవాబు చెప్పడానికి గడువు మే 1. ఒకప్పుడు అడ్మిషన్ కౌన్సెలర్ల సంఘం నాకాక్ నియమావళిలో ఒక కట్టుబాటు ఉండేది. మే 1 దాటాక, వేరే కాలేజీకి మాటిచ్చేసిన పిల్లల్ని డబ్బు ఆశ చూపి లాక్కోకూడదు. ఇది పోటీని అణచడమేనని అమెరికా న్యాయశాఖ పట్టుకుంది. 2019 సెప్టెంబర్లో నాకాక్ సభ్యులు ఓటేసి ఆ నియమాన్ని తీసేశారు. ఆగమనేవాళ్ళకి ఇదే ఆయుధం. "ఇప్పుడు మే 1 తర్వాత కూడా పెంచొచ్చుగా!" అంటారు.

పెంచొచ్చు. కాకపోతే పెంచే అవకాశం ఎక్కువగా ఉండేది సీట్లు నిండని కాలేజీలో. మీరు కోరుకునే కాలేజీకి వెయిటింగ్ లిస్టు బారుగా ఉంటే మీ కోసం ఎందుకు పెంచుతారు? పైగా డిపాజిట్ కట్టేదాకే మీ మాటకి విలువ. కట్టాక మీరు వాళ్ళ లెక్కలో "వచ్చేసిన విద్యార్థి". రెండు కాలేజీల్లో కట్టి వేసవిదాకా నాన్చుదామనే తెలివి కొందరిది. అది బయటపడితే రెండు సీట్లూ పోవచ్చు. పోకపోయినా, ఒక సీటు ఇంకో పిల్లకి దక్కకుండా పట్టుకు కూర్చున్నట్టే కదా!

రెండో కొసన ఎర్లీ డెసిషన్ ఉంది. నవంబర్లోనే ఒక కాలేజీకి అప్లై చేసి, సీటొస్తే తప్పక చేరతామని మాటివ్వడం. ఇచ్చే సాయం బొత్తిగా చాలకపోతే తప్పుకోనిస్తారు గానీ, పక్క కాలేజీ ఎంతిస్తుందో పోల్చి చూసుకునే వీలుండదు. మెరిట్ డబ్బు మీద ఆధారపడ్డ ఇంట్లో ఆ పని చెయ్యకూడదని నా అభిప్రాయం. ధర అడక్కుండా కొనడం ధర లెక్కలేనివాళ్ళు చేసే పని.

సరే, లెక్కలోకి వద్దాం. ఊహించుకున్న అంకెలే అనుకోండి. 'క' కాలేజీ ఏడాది ఖర్చు 62,000 డాలర్లు, స్కాలర్‌షిప్ 25,000. 'ఖ' కాలేజీ ఖర్చు 44,000, స్కాలర్‌షిప్ 6,000. మొదటి ఏడాది మనం కట్టేది 37,000, 38,000. 'క' వెయ్యి డాలర్లు చవక, పేరూ పెద్దది, స్కాలర్‌షిప్ అంకె చూస్తే అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఖర్చు ఏటా 4 శాతం పెరుగుతుందనీ, స్కాలర్‌షిప్ మాత్రం పెరగదనీ అనుకుందాం. నాలుగేళ్ళకి 'క' 1,63,281, 'ఖ' 1,62,844. చవక కాస్తా ఎగిరిపోయింది. 'క' లో స్కాలర్‌షిప్ నిలబడాలంటే 3.5 జీపీఏ ఉండాలి, ఒక్క ఏడాది అది తప్పింది అనుకోండి. ఇంకో 25,000 నెత్తిన పడుతుంది. 'ఖ' లో పోతే పోయేది 6,000. ఎక్కువ స్కాలర్‌షిప్ ఇచ్చిన కాలేజీలోనే ఎక్కువ రిస్కు దాగుంది.

ఉత్తరం చూస్తే ఇదేమీ తెలియదు. అమెరికా కాంగ్రెస్ తరఫున తనిఖీలు చేసే జీఏఓ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం సుమారు 91 శాతం కాలేజీలు నికరంగా ఎంత కట్టాలో తమ ఉత్తరాల్లో చెప్పడమే లేదు, లేదా తగ్గించి చూపిస్తున్నాయి. ఒక్క ఏడాది లెక్కే సరిగ్గా చెప్పనివాళ్ళు నాలుగేళ్ళ లెక్క వాళ్ళంతట వాళ్ళు చెప్తారా?

కాలేజీ మాట తప్పకపోయినా ప్రభుత్వం చేతిలో మారే స్కాలర్‌షిప్పులున్నాయి. జార్జియాలో లాటరీ డబ్బుతో 1993లో మొదలైన హోప్ స్కాలర్‌షిప్ సంగతి అట్లాంటా తెలుగువాళ్ళకి బాగా తెలుసు. 2011లో డబ్బు చాలక, హోప్ కింద ఇచ్చేది పూర్తి ట్యూషన్ నుంచి కొంత భాగానికి తగ్గించారు. ప్రభుత్వ కాలేజీల్లో మళ్ళీ పూర్తి ట్యూషన్ ఇచ్చింది 2023లో. లూయిజియానాలో ఇంకా ఘోరం. 2016-17లో బడ్జెట్ చాలక టాప్స్ స్కాలర్‌షిప్పుకి ఆ ఏడాది మొత్తం మీద సుమారు 70 శాతమే ఇచ్చారు, అందులోనూ రెండో సెమిస్టర్‌కి సగం కూడా రాలేదు. వాళ్ళంతా అప్పటికే చేరిపోయి క్లాసుల్లో కూర్చున్న పిల్లలు!

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది. జీపీఏ తగ్గితే పాతికవేలు పోతాయని తెలిసిన పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏం చేస్తుంది? కష్టమైన మ్యాథ్స్ కోర్సు వదిలేసి తేలికైనది తీసుకుంటుంది. ఇంజనీరింగ్‌లో మొదటి రెండేళ్ళు ఎలా ఉంటాయో చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రతిభకిచ్చిన స్కాలర్‌షిప్పే ప్రతిభని భయపెడుతుందన్నమాట. జార్జియా ఈ ఇబ్బందిని గుర్తించింది. 2017 నుంచి కొన్ని సైన్స్, ఇంజనీరింగ్ కోర్సుల్లో బి, సి, డి గ్రేడ్లకి హోప్ లెక్కలో 0.5 కలుపుతోంది. మిగతాచోట్ల అడిగి తెలుసుకోవాల్సింది మనమే.

హెచ్-1బి మీద ఉన్న ఇళ్ళకి ఇంకో చిక్కుంది. హెచ్-4 పిల్లలకి ఫెడరల్ సాయం రాదు కాబట్టి వాళ్ళకి మెరిట్ డబ్బే దిక్కు. 21 నిండితే హెచ్-4 పోతుంది, చదువు మధ్యలో ఎఫ్-1కి మారాలి. అప్పుడు ఇన్-స్టేట్ ఫీజు, స్కాలర్‌షిప్ ఉంటాయా అన్నది రాష్ట్రాన్ని, కాలేజీని బట్టి మారుతుంది. చేరేముందే అడగాలి.

ఇంతకీ ఎప్పుడు కట్టాలి? ఉత్తరాలన్నీ మార్చి ఆఖరుకి వచ్చేస్తాయి. ఏప్రిల్ మొదటి రెండు వారాలూ మీవి. నచ్చిన కాలేజీకి, పోటీ కాలేజీ ఉత్తరం జతచేసి, మర్యాదగా ఒక్కసారి అడగండి. దాంతోపాటే ఈ ప్రశ్నలు ఈమెయిల్లో పంపండి: ఎన్ని సెమిస్టర్లకి ఇస్తారు? ఎంత జీపీఏ ఉండాలి? ఎప్పుడు చూస్తారు, ఏడాదికోసారా, ప్రతి సెమిస్టర్‌కా? తగ్గితే కోలుకోవడానికి గడువిస్తారా? బ్రాంచి మారితే పోతుందా? బయట స్కాలర్‌షిప్ వస్తే దీన్ని కోస్తారా? ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్స్ మీద సైన్ ఆఫ్ తీసుకోవడం :)

జవాబులు రాతపూర్వకంగా వచ్చి, నాలుగేళ్ళ మొత్తం (స్కాలర్‌షిప్ ఒక ఏడాది పోయినా సరే) ఇంట్లో భరించగలం అనుకుంటే ఏప్రిల్ 20నే కట్టెయ్యండి. మే 1 దాకా పిల్ల నిద్ర చెడగొట్టక్కర్లేదు. జవాబు రాకపోతే గడువు పొడిగించమని అడగండి. 2024లో కొత్త ఫాఫ్సా దరఖాస్తు నెలల తరబడి ఆలస్యమైనప్పుడు చాలా కాలేజీలు మే 1ని వెనక్కి జరిపాయి. అంటే అది కదలని రాయేమీ కాదు. షరతుల గురించి అడిగినా రాసివ్వని కాలేజీ ఎంత పెద్ద అంకె చూపించినా, నేనైతే ఆ అంకెని సున్నా కింద లెక్కేసుకుంటాను.

ఒక్కటి మాత్రం ఏప్రిల్ దాకా ఆగకుండా చెయ్యాలి. అప్లికేషన్లు పెట్టే రోజునే "ఏడాదికి మనం ఇంత పెట్టగలం నాన్నా, అంతకు మించితే ఎంత పేరున్నా కుదరదు" అని పిల్లలకి చెప్పాలి. మన ఇళ్ళల్లో ఆ మాట చెప్పడం నామోషీ అనుకుంటాం. సీటొచ్చాక, ఊరంతా తెలిశాక చెప్పడం దానికంటే కష్టం.