బెల్టు చాటున

ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో కొన్ని వచ్చిన పని చూసుకుని ఒక మూల ఉంటాయి. కొన్ని ఊరంతా తిరిగి, దొరికిన పనెల్లా నెత్తికెత్తుకుంటాయి. ‘బెల్టు’ ఈ రెండో జాతిది.

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఊళ్లలో ఈ మాట చేసే చాకిరీ చూడండి. బడిపిల్లల యూనిఫాంకు బెల్టు. పిండిమరలో మోటారుతో పాటు రాయిని తిప్పేది బెల్టు. అది తెగితే ఆ పూటకు పిండి లేదు. నడుంనొప్పికి డాక్టరు రాసేది బెల్టు. కుక్క మెడకు కట్టేదీ బెల్టే. ఇంగ్లీషువాళ్లు దాన్ని కాలర్ అంటారు, మనం కాలర్‌ను చొక్కాకే ఉంచుకున్నాం. నగల అంగళ్లలో వడ్డాణం కాస్తా హిప్ బెల్టయింది. కలిగిరిలోనూ, మర్రిపాడు మండలం డీసీపల్లిలోనూ పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి కాబట్టి ఆ మెట్ట ఊళ్లన్నీ పొగాకు బెల్టు. ఇక ‘బెల్టు తీశానంటే’ అని తండ్రి అంటే, తక్కిన వాక్యం కొడుకే పూర్తిచేసుకుంటాడు.

పుట్టినచోట కూడా ఈ మాట కుదురుగా లేదు. గొంతెత్తి పాడటానికి ఇంగ్లీషులో ఇదే క్రియ. ఒక్క గుక్కలో మింగే మందును అమెరికాలో బెల్ట్ అంటారు. బెల్టు బిగించుకోవడమంటే వాళ్లకు ఖర్చు తగ్గించుకోవడం. మనం నడుం బిగించామంటే పనిలోకి దిగామని.

ఇన్ని అర్థాలతో ఎవరికీ పేచీ లేదు. పరాయి మాట పనికొస్తే వాడుకుంటాం, తెలుగు అరిగిపోదు. పేచీ ఒక్క అర్థంతోనే. అది ఇంగ్లండువాళ్లకు చెప్పినా బోధపడదు, మన ఊళ్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు: బెల్టు షాపు.

చూడటానికి చిల్లర అంగడి. ముందు వరసలో చిప్స్ ప్యాకెట్ల సరాలు, షాంపూ పొట్లాలు, అరటిపండ్ల గెల. వెనక బియ్యం బస్తాల పక్కన గోనెపట్టా కప్పిన అట్టపెట్టె, అందులో క్వార్టర్ సీసాలు. ముద్రించిన ధర మీద ఇంకొంత. పగలూ రాత్రీ తేడా లేదు. ‘మండలంలో షాపు మూసేసుంటారబ్బా, బెల్టులో దొరుకుద్దిలే’ అనే మాటలో గుసగుస లేదు, బెరుకు లేదు. పోస్టాఫీసు ఎక్కడో చెప్పినట్టే చెబుతారు.

ఇది ఏ నేల మీద జరుగుతోందో గుర్తుచేసుకోవాలి. దూబగుంట ఈ కలిగిరి మండలంలోదే. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబడి వాచకంలోని ‘సీతమ్మ కథ’లో ఊరి ఆడవాళ్లు కలిసి సారా అంగడి మూయించారు. ఆ పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లోనూ ఆ పనే చేశారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లాలో సారా పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది.

ఆ సారాకు సర్కారు పెట్టిన పేరేమిటి? 1980లలో ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరికీ సారా చేరవేసిన పథకం పేరు ‘వారుణి వాహిని’. వింటే ఏ ప్రబంధంలోదో అనిపిస్తుంది. ఆడవాళ్లు ఆ పేరు జోలికే పోలేదు. ‘సారా వద్దు’ అన్నారు. వాళ్లకు తగిలిన దెబ్బలకూ, ఇంట్లో మాయమైన కూలి డబ్బుకూ ఆ ముతక మాటే సరిపోయింది. అప్పుడు సంస్కృతం కప్పిపెట్టలేకపోయినదాన్ని ఇప్పుడు ఇంగ్లీషు కప్పిపెడుతోంది. ‘దొంగ మందు అంగడి’ అంటే అమ్మేవాడికి తలవంపు, పట్టుకోని అధికారికి తలవంపు, సరుకు పంపే లైసెన్సుదారుకూ తలవంపే. ‘బెల్టు’ అంటే ఎవరికీ ఏమీ కాదు. ఆ మాటకు మన దగ్గర గతం లేదు, అందుకే సిగ్గూ లేదు.

పేరు కుదిరాక నేరం కూడా ఒక వ్యవస్థలా కనబడుతుంది. 1968 నాటి ఎక్సైజు చట్టం లెక్కలో ఇది లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం, 34వ సెక్షన్ కింద శిక్షపడే నేరం. అయినా 2014 జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన వేదిక మీదే సంతకం పెట్టిన తొలి ఫైళ్లలో ‘బెల్టు షాపుల రద్దు’ ఒకటి. 2019లో వచ్చిన ప్రభుత్వమూ వీటిని తొలగిస్తామనే మొదలుపెట్టింది. ఎన్నడూ ఇవ్వని అనుమతిని రద్దు చేయడమేమిటి? జేబుదొంగతనాల రద్దు అని ఏ ప్రభుత్వమూ ఫైలు మీద సంతకం పెట్టదు. ఇక్కడ పెట్టగలిగిందంటే, జనమూ చప్పట్లు కొట్టారంటే, ఆ పేరు దానికి అప్పటికే ఒక హోదా సంపాదించిపెట్టిందన్నమాట.

ఇందులో పత్రికల పాలు తక్కువేం కాదు. ‘బెల్టు షాపులపై దాడులు’ అని శీర్షిక పెట్టి, పట్టుబడ్డ సీసాల లెక్క వేసి, చిల్లర అంగడివాడి పేరు రాసి ఊరుకుంటాం. సీసాలు ఆ అంగట్లో కాయలేదు. మామూలుగా అవి ఏదో ఒక లైసెన్సు షాపు నుంచి వచ్చినవే. సీసా మీద లేబులుంది, హోలోగ్రాం ఉంది, వెనక్కి పోతే ఆ షాపు దొరుకుతుంది. ‘బెల్టు’ అన్నంతసేపూ మన చూపు బియ్యం బస్తాల దగ్గరే ఆగిపోతుంది. ‘లైసెన్సు లేని మద్యం అమ్మకం’ అని రాసి చూడండి, ‘మరి లైసెన్సు ఉన్నవాడెవడు?’ అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. దూబగుంటలో ఆడవాళ్లు అంగడి దగ్గర ఆగకుండా సారా పాటల దాకా పోయింది ఆ ప్రశ్న పట్టుకునే. ఈ పత్రిక ఇకపై అలాగే రాస్తుంది. పిండిమరలోనూ, పిల్లల నడుములకూ బెల్టు హాయిగా ఉండొచ్చు.